పైపూత క్రింది పూత

కొయ్యసామానునకు మెఱుగు పెట్టించువారు పైపూతను గూర్చి విచారింతురే కాని, దాని క్రింది పూతను గూర్చి విచారించుట యరుదు. మేమును అట్టివారమే. ఆ యజాగ్రత్త వలన మేము పడిన సిగ్గును చదువరులకు విన్నవించుట మంచిదని తోచినది.

మా యింట నొక టేకు వ్రాతబల్ల కలదు. మా నాయనమ్మ నలువదియేండ్లు దాటిన పిమ్మట అక్షరములు దిద్దినది దానిమీదనే. కుడివైపున అరచేతి మేర నొక సిరామరక యున్నది. అది యామె చేతి సీసా ఒలికినప్పటిది. ఆ బల్లను బాగుచేయించి మా కుమార్తె కియ్యదలచితిమి. మా తల్లి పెట్టిన నిబంధన ఒక్కటే: మరక పోరాదు.

పిల్లలు తిరుగు ఇల్లు గనుక, ఘాటు తక్కువయు, త్వరగా ఆరునదియు, కాలక్రమమున అంతగా పసుపెక్కనిదియు నగు వాటర్‌బేస్డ్ లాకరు నెంచుకొంటిమి. అయితే నీరు తగిలిన కొయ్యకు నారలు లేచును. సిరాయు కరగి ప్రాకవచ్చును. కావున నడుమ నొక సీలరు పూత కావలెను. లక్క పాలిషు దాదాపు దేనికైనను అంటుకొనునని మే మెక్కడనో చదివియుంటిమి. అంగడికి పోయి చేతికందిన సీసా తెచ్చితిమి.

మేస్త్రి దానిని చూచి, “బాబుగారూ, బల్ల అడుగున జానెడు మేర ముందు వేసి చూద్దామండీ, నాలుగురోజు లాగితే తెలిసిపోతుంది” అనెను. మేము చదివి తెచ్చినదానిని పరీక్షింప నవసరము లేదని కొంత బిగువుగనే చెప్పితిమి. అతడు మాఱుపలుకక పని ముగించెను. లాకరు తామరాకుమీది నీటివలె అక్కడక్కడ ముద్దకట్టెను. నెల తిరుగకమునుపే గోటితో గీసిన ఉల్లిపొరవలె లేచివచ్చెను. తప్పు మేస్త్రిదని నిశ్చయించి, అతని కూలిలో సగము నిలిపివేసితిమి.

పిమ్మట తీరికగా చదువగా నిజము తెలిసినది. సహజమైన లక్కలో నూటికి సుమారు 3 మొదలు 5 పాళ్లు మైన ముండును. ఆ మైనము నీటి లాకరును అంటనీయదు. ఇట్టి పనికి మైనము తీసిన లక్కనే వాడవలెను. మా సీసాను కదపక కొన్నిదినము లుంచగా, అడుగున పాలవంటి మడ్డి దిగెను. లాకరను నింగ్లీషు మాటయే మన ‘లాక్ష’నుండి పుట్టినది, ఏటికొప్పాక బొమ్మల మెఱుగు లక్కదే, లక్క పరిశోధనకై రాంచీ చెంత నాంకుమ్‌లో 1924లోనే సంస్థ వెలసెను. ఇంత దగ్గఱి వస్తువును గూర్చి మాకున్న తెలివి సగము చదివిన పుటపాటిది.

నిలిపిన కూలి తీసికొని మేస్త్రి యింటికి మేమే పోతిమి. తప్పు మాదని చెప్పితిమి. అతడు డబ్బు లెక్కపెట్టక మడిచి జేబులో నుంచుకొని, “రేపు వస్తాను బాబుగారూ” అనెను.

ఈమాఱు పరీక్ష జరిగెను. బల్ల అడుగున మూడు చోట్ల మా కలము సిరాచుక్కలు వేసి, ఆరిన పిదప, ఒకదానిపై నీటి సీలరును, ఒకదానిపై నూనె సీలరును, మూడవదానిపై మైనము తీసిన లక్కను పూసి, అన్నిటిపైనను లాకరు వేసెను. వారము గడచినపిమ్మట కత్తితో గళ్లు గీసి, టేపు అంటించి లాగెను. నీటి సీలరు గట్టిగా నిలిచెను గాని సిరా చెదరెను. నూనె సీలరు లోపల ఇంకను పచ్చిగా నుండుటచే లాకరు రేకులై లేచెను. అది పూర్తిగా ఆఱుటకు మఱికొన్ని వారములు కావలెనని మేస్త్రి చెప్పెను. లక్క నిలిచెను, కుంచె నొక్కసారియే లాగినందున సిరాయు కదలలేదు. దానివలన కొయ్యకు తేనెరంగు వచ్చెను. తెల్లకొయ్యకైన నది దోషమే గాని టేకునకు శోభయే. ఉప్పుకాగితముతోనే తప్ప ఇనుపపీచుతో రుద్దరాదనియు, దాని తునకలు నీటిపూత క్రింద తుప్పుపట్టుననియు అతడే మాకు తెలిపెను.

పాడైన పూత గీకునప్పుడు మరక కొంత వెలిసిపోయినది. మా తొందరకు మేము చెల్లించిన వెల యదియే. మా తల్లి దానిని వ్రేలితో తడవి చూచి, ఏమియు ననలేదు.

చదువరులారా! ఏ సీలరు మంచిదని మమ్మడిగిన, మీ కొయ్యను, దానిపై నున్న మరకను, మీకు గల వ్యవధిని చూడక చెప్పజాలము. కాని బల్ల అడుగున జానెడు చోటు ఎల్లరకును కలదు. పని చేయువాడు పరీక్షింతమన్నప్పుడు, మన చదువును కొంచెము ప్రక్కన బెట్టి, అతని మాట వినుట మేలు.