కర్నూలు - కడప దారిలో సంగటి ముద్ద

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు వెళ్తుంటే, 1860ల్లో తవ్విన కె.సి. కాలువ పారినంత మేర వరి మడులు, పారని చోట మెట్ట చేలు కనిపిస్తాయి. వంటిళ్లలోనూ అదే తేడా. నీళ్లున్న ఊళ్లకు వరి బువ్వ, మెట్ట ఊళ్లకు సంగటి. వరి బువ్వ పండగనాడే అన్న రోజులు మన అవ్వలకు బాగా తెలుసు.

జపాన్‌వాళ్లకు దోన్‌బురి అని ఒకటుంది. లోతైన గిన్నెలో వేడి అన్నం, దానిమీదే మాంసం, కూరముక్కలు. ఆ రసమంతా అన్నంలోకి దిగుతుంది. మన సంగటీ అంతే కదండీ! ముద్ద నడుమ గుంట చేసి నాటుకోడి పులుసో, వంకాయ పులుసో పోస్తే ఇంకేమీ అక్కర్లేదు.

1 గ్లాసు బియ్యం నానబెట్టి 5 గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించండి. గంజి వార్చకూడదు. 1 గ్లాసు రాగిపిండి మీద కుప్పగా పోసి, గరిటె కాడతో నడుమ చిల్లు పెట్టి, మూతపెట్టి సన్నసెగన 10 నిమిషాలు ఉంచండి. తర్వాత దించి కట్టెతో ఉండలు కట్టకుండా గెలకాలి. అసలు కష్టం ఇక్కడే. ఇప్పుడు హోటళ్లలో ఈ ముద్దను గొప్పగా వడ్డిస్తున్నారు గానీ, ఇంటిల్లిపాదికీ రోజూ గెలికిన ఆడవాళ్ల భుజాల నొప్పిని ఎవరు లెక్కపెట్టారు? కట్టె కాసేపు ఇంట్లో మగవాళ్ల చేతికివ్వండి, తప్పేం లేదు.

చెయ్యి తడి చేసుకుని ముద్దలు చేయండి. పులుసులో వేయించిన చెనిక్కాయల పొడి 2 చెంచాలు కలిపితే చిక్కబడుతుంది. సంగటి చల్లారితే గట్టిపడుతుంది, అందుకని పులుసు ముందే కాచి ఉంచుకోండి.