అడుగు పెట్టనివ్వని దీవి

దీవి అనగానే కొబ్బరిచెట్లూ ఇసుకతిన్నెలూ గుర్తొస్తాయి. సర్ట్సీలో చెట్లు లేవు, ఊరు లేదు. మనం వెళ్తామన్నా దిగనివ్వరు!

ఐస్‌లాండ్ దక్షిణ తీరానికి 32 కిలోమీటర్ల దూరంలో అట్లాంటిక్ సముద్రంలో ఉందీ దీవి. వయసు అరవై ఏళ్లు దాటిందంతే. 1963 నవంబరు 14 ఉదయం చేపల పడవలోని వాళ్లకి దూరంగా నల్లటి పొగ కనిపించింది. ఏ ఓడో తగలబడుతోందనుకున్నారు. తీరా చూస్తే, 130 మీటర్ల లోతున బద్దలైన అగ్నిపర్వతం! మర్నాటికల్లా నేల పైకి తేలింది. 1967 జూన్ దాకా ఆ మంట చల్లారలేదు. నార్స్ పురాణాల్లోని అగ్ని రాక్షసుడు సర్టర్ పేరే దీనికి పెట్టారు.

పక్షులే తోటమాలులు

ఎటు చూసినా బూడిద, నల్లరాయి. అలాంటి చోట ప్రాణం ఎలా మొదలవుతుందో చూడాలని 1965లోనే దీన్ని రక్షిత ప్రాంతం చేశారు. శాస్త్రవేత్తలకి తప్ప ప్రవేశం లేదు. ఆ ఏడాదే ఒడ్డున తొలి మొక్క కనిపించింది. తర్వాత నాచు పట్టింది. 1986 నుంచీ సీగల్ పక్షులు గుంపులుగా గూళ్లు కట్టాయి. వాటి రెట్టే ఎరువైంది, రాతిమీద పచ్చిక పరుచుకుంది. 2004 నాటికి నాచులు కాక 60 రకాల మొక్కలు, 89 రకాల పక్షులు లెక్కకొచ్చాయి. సీల్ జంతువులకి ఇది పురిటిల్లు కూడా.

టమాటా మొక్క తెచ్చిన తంటా

ఓసారి పరిశోధకులు ఆ రాళ్లమధ్య టమాటా మొక్కని చూసి ఆశ్చర్యపోయారు. ఆరా తీస్తే, అంతకుముందు వచ్చినవారెవరో అక్కడ కాలకృత్యాలు తీర్చుకున్నారట! మొక్కని వెంటనే పీకేశారు. ఒక్క మొక్కకే అంత కంగారా? గాలి, అలలు, పక్షులు తెచ్చినదేదో, మనిషి తెచ్చినదేదో తెలియకపోతే ఇన్నేళ్ల పరిశీలనకి అర్థం ఉండదు మరి. అందుకే అక్కడికి వెళ్లే శాస్త్రవేత్తలు బట్టలకీ బూట్లకీ ఒక్క గింజ కూడా అంటుకోకుండా చూసుకుంటారు.

మనిషిని ఆపగలిగారు కానీ, అలల్ని ఆపలేరుగా! పక్కనే పుట్టిన రెండు చిన్న దీవులు 1966కల్లా కొట్టుకుపోయాయి. ఒకప్పుడు 2.7 చదరపు కిలోమీటర్లున్న సర్ట్సీలోనూ సగానికి పైగా సముద్రం పాలైంది. మధ్యలోని గట్టి రాయి మాత్రం చాలాకాలం నిలుస్తుందంటారు. 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

చూడాలనుందా? దగ్గర్లోని హేమాయ్ దీవి నుంచి పడవలో చుట్టి రావచ్చు. దిగడం మాత్రం కుదరదు. మనం దూరంగా ఉండటమే ఆ పచ్చదనానికి మనం చేయగల సాయం.