గుంటూరులో ఒక ఆదివారము

గత దసరా సెలవులలో మేము గుంటూరులోని ఒక మిత్రుని ఇంట నాలుగు రోజులు గడిపాము. విశ్వవిద్యాలయములో ఎం.ఏ. చదివిన కాలమున ఆయన, మేము ఒకే గదిలో ఉన్నవాళ్ళము. వారిది లూథరన్ కుటుంబము. ఆదివారము ఉదయమున అందరూ గుడికి బయలుదేరుతుండగా మిత్రుని తల్లిగారు, "ఒక్కడివే ఇంట్లో ఏం చేస్తావు బాబూ? నువ్వూ రారాదా?" అన్నారు. మసీదులో తప్ప మరొక మందిరములో ఆరాధన జరుగుచుండగా కూర్చున్న అనుభవము మాకు లేదు. వెళ్ళవచ్చునా అన్న సందేహము ఒకవైపు, పెద్దామె మాట తీసివేయలేని మొగమాటము మరొకవైపు. తుదకు మొగమాటమే గెలిచింది.

గుమ్మము వద్ద అందరూ చెప్పులు విడిచారు. మేమూ విడిచాము. అంతవరకు మాకు తెలిసిన మర్యాదయే. లోపల అడుగు పెట్టగానే అలవాటు చొప్పున జేబులోని టోపీ తీసి తలపై పెట్టుకొన్నాము. మిత్రుడు మోచేతిని తాకి, "ఇక్కడ మగవాళ్ళు తల కప్పుకోరు" అని మెల్లగా అన్నాడు. టోపీ మరల జేబులోకి పోయింది. స్త్రీలు ఒకవైపు, పురుషులు ఒకవైపు కూర్చున్నారు. స్త్రీల తలలపై మాత్రము కొంగులున్నవి. మేము తలుపు దగ్గర చిట్టచివరి బల్లపై కూర్చున్నాము.

తెల్లని అంగీ ధరించిన అయ్యగారు రాగానే కీర్తన ఆరంభమైనది. మిత్రుడు మా చేతికిచ్చిన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకములో పాటల పైన రాగము, తాళము ముద్రించి ఉండుట చూసి ఆశ్చర్యపోయాము. సముద్రాలు దాటి వచ్చిన మతము తెలుగు రాగములో కుదురుగా కూర్చున్నది.

ఈ సంఘచరిత్ర మేము కొంత చదివినదే. ఫాదర్ హయ్యర్ అమెరికా నుండి 1842లో గుంటూరు చేరి ఆరంభించిన కృషి, 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘముగా రూపొందినది. 1522లో కొత్త నిబంధనను జర్మను ప్రజల భాషలోనికి తెచ్చినవాడు లూథరు. ఆయన మార్గమున నడిచిన బెంజమిన్ షుల్జ్ చెన్నపట్టణములో తెలుగు నేర్చి, 1746లో జర్మనీలోని హాలే నగరమున తెలుగు పుస్తకములు అచ్చు వేయించాడు. తెలుగులో తొలి ముద్రిత గ్రంథములు అవేనని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. పారశీక కవి దుఃఖమును 'ఫిరదౌసి' కావ్యములో తెలుగువారి దుఃఖముగా మార్చిన గుఱ్ఱం జాషువా ఈ గుంటూరులోనే, లూథరన్ సంఘము వారి ఉపాధ్యాయ శిక్షణాలయములో పనిచేశారు. ఇవన్నీ తరగతిలో చెప్పగల సంగతులే. అయితే ఆనాడు మేము విన్నది తరగతిలో చెప్పగలిగినది కాదు.

అయ్యగారు మౌనప్రార్థనకు కొంత సమయమిచ్చారు. నడవకు ఆవల, స్త్రీల వైపు చివరి బల్లపై ఒక ముసలామె కన్నులు మూసుకొని గొణుగుతున్నది. "నాయనా, మా చిన్నోడికి జొరం తగ్గించు తండ్రీ. ఈ వారమన్నా కూలి దొరికేట్టు చూడు."

మాకు మా తల్లి జ్ఞాపకము వచ్చినది. ఆమెకు ఉర్దూ అంతంత మాత్రము. నమాజు అరబ్బీలో కంఠస్థముగా చదివేది గాని, చేతులెత్తి దుఆ చేసేటప్పుడు తెలుగే. వానలు, అప్పులు, మా చదువు, అన్నిటినీ అల్లాకు తెలుగులోనే విన్నవించుకొనేది. పదేళ్ళ వయసున, మదరసాలో నాలుగు మాటలు నేర్చిన గర్వముతో, "తెలుగులో అడిగితే అల్లాకు అర్థమవుతుందా అమ్మా?" అని నవ్వాము. ఆమె మారు పలుకలేదు. మరునాటి నుండి ఆమె పెదవులు కదలుట మాత్రమే కనిపించేది. ఆమె దుఆ మరెన్నడూ మాకు వినిపించలేదు. ఆమె పోయి తొమ్మిదేళ్ళయినది. ఏ భాషను చూసి నవ్వామో, ఆ భాషను బోధించియే నేడు అన్నము తింటున్నాము. మనుష్యుల భాషలు వేరువేరుగా ఉండుట దేవుని సూచనలలో ఒకటని ఖురానులోని రూమ్ అధ్యాయము చెబుతున్నదని మేము తెలుసుకొనేసరికి, క్షమాపణ అడుగుటకు ఆమె లేదు.

ముసలామె "ఆమేన్" అన్నది. ఆ పిల్లవాని జ్వరము కొరకు మా నోటి నుండి "ఆమీన్" అని వెలువడినది. రెండు మాటలకు ఒక్క అచ్చు తేడా.

సంస్కారము పుచ్చుకొనుటకు తక్కినవారు ముందుకు పోయినప్పుడు మేము బల్లపైననే ఉండిపోయాము. వారి విశ్వాసము వారిది, మా విశ్వాసము మాది. అందుకు అక్కడ ఎవరూ చిన్నబుచ్చుకొనలేదు. బయటకు వచ్చిన తరువాత మిత్రుని తల్లిగారు, "విసుగు పుట్టిందా బాబూ?" అని అడిగారు. లేదమ్మా అన్నాము. అంతకు మించి చెప్పలేకపోయాము.

విద్యార్థి మిత్రులారా, ఈ సంచికను కుడివైపు నుండి తెరచినవారికి ఉర్దూ, ఎడమవైపు నుండి తెరచినవారికి తెలుగు కనిపించును. మీలో కొందరు, "ముస్లిములై యుండి తెలుగు ఎందుకు ఎంచుకొన్నారు సార్?" అని మమ్ము అడుగుతుంటారు. ఇంతవరకు ఉద్యోగము కొరకని నవ్వుతూ చెప్పి తప్పించుకొన్నాము. అసలు కారణము అది కాదు. మా అమ్మ దేవునితో మాట్లాడిన భాష అది. ఈ రాత్రి ఇంటికి పోయి, మీ అమ్మ ఏ మాటలలో దుఆ చేస్తున్నదో చెవియొగ్గి వినండి. దయచేసి తప్పులు దిద్దకండి.