ఎదుటివాడి మాట

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు ఏరుకునే అలవాటు నాకు ఇంజనీరింగ్ రోజుల నుంచీ ఉంది. అలా ఓసారి హెన్రీ చాడ్విక్ రాసిన 'ది ఎర్లీ చర్చ్' దొరికింది. 1967లో పెలికన్ వాళ్లు వేసిన పుస్తకం. నేను క్రైస్తవుణ్ణి కాదు. ఆ మాటకొస్తే గుడికి కూడా పరీక్షలప్పుడు తప్ప వెళ్లని బాపతు. అట్ట బాగుందని కొన్నాను, అంతే. తీరా మొదలుపెట్టాక వదల్లేకపోయాను.

ఎవరీయన అని ఆరా తీస్తే ఆశ్చర్యమేసింది. 1920లో ఇంగ్లండులో పుట్టాడు. కేంబ్రిడ్జిలో చేరింది సంగీతం స్కాలర్‌షిప్ మీద. తేలింది మాత్రం తొలి శతాబ్దాల క్రైస్తవుల గ్రీకు, లాటిన్ గ్రంథాల్లో! 1959లో ఆక్స్‌ఫర్డులో రీజియస్ ప్రొఫెసర్, 1979లో కేంబ్రిడ్జిలోనూ అదే పదవి. బొయీథియస్ మీద ఓ పుస్తకం (1981), అగస్టీన్ 'కన్ఫెషన్స్'కి అనువాదం (1991), ఇలా 2008లో పోయేదాకా రాస్తూనే ఉన్నాడు.

ఇవన్నీ ఒకెత్తు, 1953లో, ముప్పై మూడేళ్లకే అచ్చు వేయించిన 'కాంట్రా కెల్సుమ్' అనువాదం ఒకెత్తు. దాని కథ చెప్పడానికే ఈ టపా.

రెండో శతాబ్దంలో, సుమారు 178 ప్రాంతంలో, కెల్సుస్ అనే ఆయన క్రైస్తవాన్ని ఏకిపారేస్తూ ఒక పుస్తకం రాశాడు. ఆలోచించకుండా నమ్మమంటారనీ, చెప్పులు కుట్టేవాళ్లూ బట్టలుతికేవాళ్లూ పిల్లల్ని పోగేసి పాఠాలు చెబుతున్నారనీ వెటకారం. దాదాపు డెబ్భై ఏళ్ల తర్వాత ఆంబ్రోస్ అనే మిత్రుడు ఆ పుస్తకం పంపి జవాబు రాయమని ఆరిజెన్‌ని అడిగాడు. ఆరిజెన్‌కి అసలు ఇష్టం లేదు. తప్పుడు సాక్ష్యాలు చెబుతుంటే ఏసే మౌనంగా ఉన్నాడు కదా, నేనెందుకు అన్నాడు. చివరికి ఎనిమిది సంపుటాలు రాశాడు! ముఖ్యమైన పాయింట్లకి జవాబిస్తే చాలనుకుని మొదలుపెట్టి, తర్వాత పద్ధతి మార్చి, కెల్సుస్ మాటల్ని వరసగా ఉదహరిస్తూ ఒక్కోదానికీ జవాబు చెప్పాడు. ఏసు పుట్టుక మీద వేసిన నిందని కూడా దాచలేదు.

ఇప్పుడు కెల్సుస్ పుస్తకం లేదు. ఒక్క ప్రతి కూడా మిగల్లేదు. మనకి అందులో చాలా భాగం తెలిసింది ఆరిజెన్ జవాబు వల్లే. విచిత్రమేమిటంటే, 553లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఆరిజెన్‌నే మతద్రోహుల జాబితాలో చేర్చింది. ఆయన రాసిన వాటిలోనూ చాలా పోయాయి.

చాడ్విక్ తన అనువాదంలో కెల్సుస్ మాటల్ని ఇటాలిక్స్‌లో వేశాడు. ఏది ఎవరి మాటో చూడగానే తెలుస్తుంది. కింద ఫుట్‌నోట్లలో ప్లేటో నుంచి ఏది వచ్చింది, స్టోయిక్కుల నుంచి ఏది వచ్చింది అని ఓపిగ్గా చూపించాడు. కొట్టుకుంటున్న ఇద్దరూ ఒకే గ్రీకు బడిలో చదువుకున్నవాళ్లని అప్పుడర్థమవుతుంది. ఆయన స్వయానా చర్చి గురువు. అయినా కెల్సుస్‌కి అన్యాయం చెయ్యలేదు. తర్వాత ఆంగ్లికన్లకీ కాథలిక్కులకీ మధ్య చర్చల కమిషన్‌లో ఏళ్ల తరబడి కూర్చున్నాడంటే నాకేం వింత అనిపించలేదు.

మన చార్వాకుల సంగతీ ఇంతే కదా. వాళ్ల గురించి మనకి తెలిసిందంతా దాదాపుగా ప్రత్యర్థులు రాసిన పూర్వపక్షమే.

ఇది నన్నెందుకు పట్టుకుందో చెప్పాలి. నాలుగేళ్ల క్రితం మా టీములో ఒక డిజైన్ మీద గొడవ. ఆర్డర్లన్నీ ఒకే క్యూలో వెయ్యాలని నేను, వద్దని ఒక సీనియర్. ఆయన రెండు పేజీల మెయిల్ రాశారు. నేను అందులో రెండు బలహీనమైన వాక్యాలు ఏరి, వెటకారం దట్టించి, వికీలో ఒక పేజీ రాశాను. అందరూ మెచ్చుకున్నారు. ఆయన వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు, మెయిల్ బాక్సూ పోయింది.

కిందటేడు పండగ సేల్ రోజున ఒక్క తప్పుడు ఆర్డర్ దగ్గర క్యూ ఆగిపోయింది. వెనకున్నవన్నీ ఆగిపోయాయి. ఆయన ఇదే చెప్పారని గుర్తొచ్చింది. విరుగుడు కూడా ఏదో రాశారు, అదేమిటో గుర్తురాలేదు. వెతికితే దొరికింది నా పేజీ ఒక్కటే. కొత్తగా చేరిన అమ్మాయి అది చదివి, "ఈయనకి క్యూ అంటే ఏంటో కూడా తెలీదా అండీ?" అంది. నా నోట మాట రాలేదు.

ఆయనకి ఫోన్ చేశాను. "అదా, ఇప్పుడు నాకూ గుర్తులేదయ్యా" అని నవ్వేశారు.

ఆరిజెన్ కెల్సుస్‌ని ఓడించాడో లేదో నేను చెప్పలేను, అది పండితుల పని. కానీ కెల్సుస్ ఏమన్నాడో చదువుకునే అవకాశమైతే మిగిల్చాడు. నేను మా సీనియర్‌కి అదీ మిగల్చలేదు. ఆ వికీ పేజీలో ఆయనకి గుర్తున్నంతవరకూ, నాకు గుర్తున్నంతవరకూ ఆయన వాదనని పైన చేర్చాను. వెటకారం తీసేశాను. అయినా ఆ రెండు పేజీల మెయిల్ మాత్రం ఇక రాదు.