చింతకూ ముందుచూపుకూ నడుమ

చితకూ చింతకూ నడుమ ఒక్క సున్నయే భేదమని మన పెద్దలు చమత్కరించారు. చిత ప్రాణం పోయిన దేహాన్ని కాలిస్తే, చింత ప్రాణమున్న దేహాన్నే కాలుస్తుంది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో ముప్పదియేండ్లకు పైగా తెలుగు బోధించిన నేను ఈ మాటను ఎన్ని తరగతులలో చెప్పానో లెక్కలేదు. దానికి విపులమైన వ్యాఖ్యానం మాత్రం నాకు మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో దొరికింది.

యేసు కొండమీద చేసిన ప్రసంగంలోని భాగమది. కూడును, గుడ్డను, రేపటిని గూర్చి చింతింపవద్దని అందలి బోధ. ఆ పది వచనాలలో చింతించుట అనే క్రియ గ్రీకు మూలంలో ఆరుమార్లు వస్తుంది. చింతవల్ల ఎవరి యెత్తూ మూరెడు పెరగదని ఒకచోట ఆక్షేపణ. అక్కడి గ్రీకు పదానికి ఎత్తు, ఆయుస్సు అని రెండర్థాలూ ఉన్నాయి. శ్లేషకు అలవాటుపడిన మనకు ఇది రుచించే చోటు. లూకా ఇదే బోధలో కాకులను పేర్కొన్నాడు. యూదుల ధర్మశాస్త్రంలో అది అపవిత్రమైన పక్షి. మనకు పిండం ముట్టవలసిన పక్షి. అందరూ చీదరించుకొనే ప్రాణికి సైతం పోషణ ఉన్నదని భావం.

అయితే కె.సి. కాలువకు నీరు ఎప్పుడు వదులుతారా అని నారుమడి గట్టున నిలబడిన రైతుకు ఈ మాట చెప్పి చూడండి. "పక్షికి బ్యాంకులో అప్పు లేదు గదా అయ్యవారూ" అంటాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

ఆళ్లగడ్డలో నాతో పనిచేసిన ఒక క్రైస్తవ ఉపాధ్యాయుని ఇదే అడిగాను. సాయంకాలం శిల్పుల ఉలిదెబ్బలు వినబడే వీధిలో నడుస్తున్నాము. కరవులో పక్షులూ చస్తాయి కదా, మరి ఈ ఓదార్పు ఏపాటిదన్నాను. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "పిచ్చుక నేల రాలదని ప్రభువు యాడా చెప్పలేదు సామీ. రాలేటప్పుడు తండ్రికి తెలీకుండా రాలదన్న్యాడు, అంతే" అన్నాడు. అంతకు రెండేండ్ల క్రితమే కన్నకొడుకును పోగొట్టుకొన్న మనిషి ఆయన. నేను మారు పలుకలేదు.

ఆ తరువాత ఆ అధ్యాయాన్ని మరల చదివాను. పూల సొగసు సొలొమోను వైభవాన్ని మించినదని చెప్పిన నోటితోనే, ఆ గడ్డి మరునాడు పొయ్యి పాలవుతుందనీ చెప్పాడు. ఏ దినపు కష్టం ఆ దినానికి చాలునని ముగించాడే గాని కష్టమే లేదనలేదు. పని మానమనీ అనలేదు. పక్షి తెల్లవారకముందే మేతకు బయలుదేరుతుంది. నంద్యాలలో 1906 నుండి ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం రేపటి విత్తనాన్ని గూర్చి యోచిస్తూనే ఉంది. అది ముందుచూపు. చేతికి పని చెప్పేది ముందుచూపు. చేతులను కట్టివేసేది చింత.

ఈ ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలలో పెక్కు 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు అందులో కలియక, 1975లో గాని చేరలేదు. రేపటి రూపం తేలకుండానే ఇరువది యెనిమిదేండ్ల ఆదివారాలు గడిచాయి.

ఆమధ్య నా అర్ధాంగికి శస్త్రచికిత్స నిశ్చయమైంది. పదునొకండు దినాల గడువు. డబ్బు, వెంట వచ్చే మనిషి, పరీక్షల కాగితాలు – చేయదగినవన్నీ చీటీపై వ్రాసి ఒక్కొక్కటే కొట్టివేశాను. అన్నీ కొట్టివేసిన తరువాత కూడా మిగిలినదేదో అర్ధరాత్రి నన్ను లేపి కూర్చోబెట్టేది. ఒకనాడు ఆమె మేలుకొని, "కోసేది నన్నైతే నిద్ర పోయింది మీకా?" అన్నది. మరుక్షణం అటు తిరిగి పడుకొన్నది.

ఆమె బైబిలు చదివినది కాదు. మందులు ఇంకా సాగుతూనే ఉన్నాయి, వచ్చే నెలలో మరొక పరీక్ష ఉన్నది. చీటీ మరల వ్రాస్తున్నాను. చీటీలో ఇమడని దానిని ఏ రాత్రికారాత్రి దించుకోవడం మాత్రం ఇంకా అభ్యసిస్తున్న విద్యయే. సహృదయులైన పాఠకులలో ఈ విద్య పట్టుబడినవారుంటే వారికి నా నమస్కారం.