కంప్యూటరు అడిగిన పుట్టినతేదీ

ఖరగ్‌పూర్ పేరు వినగానే పాఠకులకు సాధారణంగా రెండు విషయాలు స్ఫురిస్తాయి. ఒకటి, 1072.5 మీటర్ల పొడవుతో చాలాకాలం ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరొందిన రైల్వే ప్లాట్‌ఫారం. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ కీర్తిని అందుకున్నాయి. రెండవది, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిర భవనంలో ప్రారంభమైన ఐ.ఐ.టి. మాకు మాత్రం ఆ పేరు వింటే ఒక ఇరుకు గది, అందులో ఒక కంప్యూటరు, దాని తెరమీద జవాబు కోసం నిరీక్షించే ప్రశ్నార్థకం గుర్తుకు వస్తాయి.

బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి ఉత్తరాంధ్ర పల్లెల వారు బ్రతుకుతెరువు కోసం ఆ ఊరికి తరలివచ్చారు. మా నాన్నగారు కూడా అలా వచ్చినవారే. క్వార్టర్ల వరుసలలో తెలుగు వినబడని వీధి అరుదు. బెంగాలీ ఇరుగుపొరుగుల నడుమ మేము పుట్టి పెరిగాము.

1988 వేసవిలో, కళాశాలకు సెలవులిచ్చిన రోజులలో, నాన్నగారు మమ్మల్ని ఒక చిన్న కంప్యూటరు శిక్షణ కేంద్రంలో చేర్పించారు. పదిమంది విద్యార్థులకు రెండు యంత్రాలు. బోధించిన భాష బేసిక్. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు గణితాచార్యులు శాస్త్రవిద్యార్థులు కానివారికి కూడా అందుబాటులో ఉండాలన్న సంకల్పంతో ఆ భాషను రూపొందించారు. అది మొట్టమొదట పనిచేసినది 1964 మే 1వ తేదీన.

బేసిక్‌లో ప్రతి ఆదేశానికి ముందు ఒక వరుస సంఖ్య ఉంటుంది. 10, 20, 30 అంటూ పదేసి విడిచి వ్రాయమని మా మాస్టారు చెప్పేవారు. తరువాత ఏదైనా గుర్తుకు వస్తే నడుమ చేర్చడానికి చోటు ఉండాలి కదా! ప్రోగ్రాముకు సమాచారం అందించడానికి మాకు మూడు మార్గాలు నేర్పారు. మొదటిది ‘లెట్’: విలువను ప్రోగ్రాములోనే వ్రాసివేయడం. మనిషి మారితే ఆ వరుసను మళ్ళీ వ్రాయాలి. రెండవది ‘రీడ్’, ‘డేటా’ అనే జంట. విలువలన్నిటినీ కామాలతో వేరుచేసి డేటా వరుసలలో పేర్చి ఉంచితే, రీడ్ వాటిని ఒకటొకటిగా తీసుకొంటుంది. నింపురా యార్డులో వ్యాగన్లు ఒకదాని వెనుక ఒకటి కదిలినట్లే ఇదీను. నడుమ ఒక్కటి తప్పిపోతే, తేదీ ఉండవలసిన చోటికి తరువాతి మనిషి పేరు జరిగి వస్తుంది. విలువలు అయిపోయిన తరువాత కూడా అడిగితే ‘అవుట్ ఆఫ్ డేటా’ అని యంత్రం ఆగిపోతుంది. మళ్ళీ మొదటి విలువ నుండి చదవాలంటే ‘రిస్టోర్’ అనాలి.

మూడవది ‘ఇన్‌పుట్’. ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ ఆగి, ఎదుట కూర్చున్న మనిషిని అడుగుతుంది. 1964 నాటి తొలి బేసిక్‌లో రీడ్, డేటా ఉన్నాయి గాని ఇన్‌పుట్ లేదు. అది తరువాత చేరినది. యంత్రం మనిషిని ప్రశ్నించడం మాకు మహాద్భుతంగా తోచింది.

ఇంటికి పనికివచ్చే ప్రోగ్రాము ఒకటి వ్రాసి తీసుకురమ్మని మాస్టారు ఆదేశించారు. పుట్టినతేదీ ఇస్తే పదవీ విరమణ తేదీ చెప్పే ప్రోగ్రాము వ్రాయాలని సంకల్పించాము. నాన్నగారి తరగతి ఉద్యోగులకు అప్పట్లో విరమణ వయస్సు 58 సంవత్సరాలు. పుట్టిన సంవత్సరానికి 58 కలిపి, పుట్టిన నెల చివరి తేదీని చూపితే సరిపోతుందని భావించాము. మొత్తం పన్నెండు వరుసలు. ఆ రాత్రి మాకు గర్వంతో నిద్రపట్టలేదు.

ఆదివారంనాడు నాన్నగారు, ఆయన మిత్రులొకరు మా విద్యను చూడడానికి వచ్చారు. ఆ మిత్రులను మేము మామయ్య అని పిలిచేవారము. మామయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన చెప్పినది మేము టైపు చేయసాగాము. పేరు అయినది. పుట్టినతేదీ అడిగాము.

“నాకేటి తెలుస్తాది బాబూ? పెద్ద గాలివాన నాటికి పదకొండేళ్ళుంటాయి కామోసు. ఆ యేడే మా పెదనాన్న నన్నిక్కడికి తీసుకొచ్చినాడు” అన్నారు మామయ్య.

ఆయన చెప్పినది 1942 అక్టోబరులో మేదినీపూర్ జిల్లాను ముంచెత్తిన తుపాను సంగతి. ఆ మాటను యంత్రానికి ఎలా చెప్పాలో మాకు తోచలేదు. పరిహాసానికి ‘తెలియదు’ అని ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేశాము. అంకెల కోసం ఎదురుచూస్తున్న యంత్రం ‘రీడూ ఫ్రం స్టార్ట్’ అన్నది, అనగా మొదటి నుండి మళ్ళీ చెప్పమని. దాని అర్థం అడిగి తెలుసుకొని మామయ్య నవ్వారు. “మళ్ళీ పుట్టమంటన్నాదేటి?” అన్నారు.

అప్పుడు నాన్నగారు అందుకొని, “రికార్డులో ఒకటి ఏడు ముప్పై ఒకటి అని ఉంది, అది వెయ్యి” అన్నారు. సంవత్సరం మాత్రమే తెలిసి తేదీ తెలియని వారికి జూలై 1వ తేదీని పుట్టినరోజుగా పరిగణించాలని రైల్వే నిబంధన. అందువలన ఆ తరంలో ఎందరో జూలై ఒకటిననే పుట్టారు! రోజు, నెల, సంవత్సరం కామాలతో ఇచ్చాము. 1989 జూలై 31 అని తెరమీద వచ్చింది.

మామయ్య ముఖం వికసించింది. “జూన్ ఆఖరుకే ఐపోద్దనుకున్నాను. ఇంకో నెల జీతముంటే పిల్ల పెళ్ళికి అక్కరకొస్తాది” అన్నారు.

నాన్నగారు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, “బావా, ఆ నెల మనది కాదు. ఒకటో తారీఖున పుట్టినోడు ముందు నెలాఖరుకే దిగిపోవాలి. కుర్రాడికి ఆ సంగతి తెలీదు” అన్నారు. మామయ్య తలపంకించి, “యంత్రం కదా అనుకున్నాను” అని ఊరుకున్నారు.

నెలజీతం ఇచ్చినట్లే ఇచ్చి తిరిగి లాగుకొన్న సిగ్గుతో మేము తల ఎత్తలేకపోయాము. యంత్రం తప్పు చేయలేదు. మేము అడిగినది అడిగింది, చెప్పినది చేసింది. నిబంధన తెలుసుకొనకుండా ప్రోగ్రాము వ్రాసినది మేము. తెలియదని చెప్పే మనిషికి అందులో చోటు ఉంచనిదీ మేమే.

ఆ సాయంత్రమే ప్రోగ్రామును సవరించాము. తేదీ ఒకటి అయితే నెల ఒకటి తగ్గించే ఆదేశాన్ని 60కి, 70కి నడుమ 65గా చేర్చాము. జనవరి ఒకటిన పుట్టినవారికి నెల సున్నా అవుతున్నదని మాస్టారు ఎత్తిచూపగా, డిసెంబరుకూ, ముందు సంవత్సరానికీ మరలే ఏర్పాటు 66వ వరుసలో చేశాము. తేదీ తెలియనివారు రోజుకు సున్నా ఇస్తే చాలునని తెరమీద ముందే చెప్పించి, సున్నా వస్తే రోజు 1గా, నెల 7గా గ్రహించేటట్లు వ్రాశాము. వారం తరువాత నాన్నగారు మా వరుసలోని పదకొండుగురి వివరాలను ఒక కాగితం మీద వ్రాసి తెచ్చారు. వాటిని డేటా వరుసలలో పేర్చి నడిపితే, ఏడుగురికి జూన్ 30 అని వచ్చింది. ఆ జాబితాను మాస్టారు ముద్రించి ఇచ్చారు. మామయ్య తమ పేరున్న భాగాన్ని మడిచి జేబులో పెట్టుకొన్నారు.

1998లో కేంద్ర ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 60కి పెరిగింది. అప్పటికి మామయ్య విరమించి తొమ్మిదేళ్ళయినది. ఆయన కుమార్తె వివాహం ఆ జీతం లేకుండానే, నాన్నగారూ మరి నలుగురూ తలా కొంత సర్దగా జరిగింది.

ఉద్యోగరీత్యా మేము మన సంస్థకు వచ్చి అనేక సంవత్సరాలు గడిచాయి. కెమెనీ 1992లో, కర్ట్జ్ 2024లో కన్నుమూశారు. నేడు వరుస సంఖ్యల బేసిక్‌ను మన పిల్లలు ఎరుగరు. అయినా ప్రతి కార్యాలయంలోనూ ఏదో ఒక తెర మనలను పేరు, తేదీ, చిరునామా అడుగుతూనే ఉన్నది. ఆ గడులను రూపొందించే పని మా వంతుకు వచ్చినప్పుడెల్లా మామయ్య గుర్తుకు వస్తారు. ‘తెలియదు’ అనే జవాబుకు ఒక గడి ఉంచి, ఆ గడి నింపేవారినే ఎదుట కూర్చోబెట్టుకొని ఒకసారి పరీక్షించి గాని దానిని విడుదల చేయము.

సోదర ఉద్యోగులకు ఒక విన్నపం. మీ సర్వీసు రికార్డులో మీ పుట్టినతేదీ, మీ కుటుంబసభ్యుల పేర్లు ఎలా నమోదయినవో ఈ వారమే ఒకసారి చూసుకొనండి. అవి ఎన్నడో, ఎవరో పేర్చిన డేటా వరుసలు. మన విరమణనాడు వాటినే చదువుతారు గాని, మనలను మళ్ళీ అడగరు.