కాగితం అందరికీ ఒకటే, భుజాలు ఎవరివి వాళ్లవే

ఎప్పుడూ పసుపు, వరి, మక్క గురించే రాస్తుంట. ఈసారి కుట్టు మిషిని ముచ్చట. పంట సంగతుల కోసం వచ్చినోళ్లు కూడా చివరిదాకా చదవుర్రి, మీకూ పనికొస్తది.

మా చిన్నబిడ్డకు వెన్నెముక కొంచెం ఒక పక్కకు వంగి ఉంటది. ఆపరేషన్ అవసరం లేదు, వ్యాయామం చేయించుర్రి అన్నరు డాక్టర్లు. నొప్పి లేదు, చదువుకు అడ్డం లేదు. ఎడమ భుజం మాత్రం ముప్పావు అంగుళం కిందికి ఉంటది. ఏ రెడీమేడ్ డ్రెస్ వేసినా ఆ పక్క మెడ జారుతది, చంక దగ్గర ముడతలు పడతయి. అందుకే ఎండాకాలం కూడా చున్నీ రెండు భుజాల మీదికి పరిచి పిన్నులు పెట్టుకుంటది. ఫోటో అంటే వెనక నిలబడుతది. ఒక టైలరైతే ఆమె ముందే "ఒళ్లే అట్లున్నది, నేనేం చేయాలమ్మా" అన్నడు. బిడ్డ రెండు రోజులు సక్కగ తినలేదు. ఈ ఏడు కోరుట్లల డిగ్రీల చేరింది. ఆమె డ్రెస్ నేనే కుడత అనుకున్న.

రైకలు, లంగాలు కుట్టుడు నాకు వస్తది. డ్రెస్ కటింగ్ కొత్త. అందుకే జగిత్యాలల టైలరింగ్ సామాన్లు అమ్మే కొట్టుల కాగితం పేటర్న్ కొన్న. ముందు భాగం, వెనక భాగం, చెయ్యి, మెడ పట్టీ అన్నీ గీసి ఉంటయి. ఇట్ల సైజుల వారీగా కాగితాలు అమ్ముడు 1863ల అమెరికాల బటరిక్ అనే టైలర్ మొదలుపెట్టిండు. ఇంట్ల కుట్టుకునేటోళ్లకు అది పెద్ద మేలు. చంక గుండ్రం, మెడ లోతు మనం లెక్కలు కట్టే పని లేదు.

కానీ పేటర్న్ విప్పితే ముందు భాగం, వెనక భాగం సగం సగమే ఉంటయి. బట్ట మడత మీద పెట్టి కోయాలని అంచున రాసి ఉంటది. అంటే కుడి ఎట్లుంటదో ఎడమ అట్లనే ఉంటదని కాగితం ముందే అనుకున్నది. మా బిడ్డకు డ్రెస్ కుదరనిది అక్కడనే.

మనకు ఎరువుల సిఫారసు ఉంటది కదా, ఎకరానికి ఇంత యూరియా, ఇంత పొటాష్ అని. అయినా పొలాస పరిశోధన స్థానానికి పోయినా, మన వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగినా, ముందు మట్టి పరీక్ష చేయించుకోమంటరు. సిఫారసు తప్పని కాదు. మన చెలక సంగతి అండ్ల ఉండదు. పేటర్న్ కూడా గంతే.

నేను చేసింది చెప్త. సగం పేటర్న్‌ను పెద్ద కాగితం మీద రెండు దిక్కుల గీసి నిండు ముందు భాగం, నిండు వెనక భాగం చేసుకున్న. కుడి, ఎడమ అని పెద్దగ రాసిన. ముందు భాగం మన ఎదుట పరిస్తే ఆమె ఎడమ మనకు కుడి దిక్కు వస్తది, అది చూసుకోవాలె. ఎడమ భుజం చివర ముప్పావు అంగుళం దించిన. చంకను కూడా అంతే దించిన. భుజం ఒక్కటే దించితే చంక చిన్నగయ్యి చెయ్యి పట్టదు. రెండూ దించితే చెయ్యి ముక్క మార్చే పని లేదు. ముందుగా పాత కాటన్ చీర ముక్కల మీద కుట్టి తొడిగి చూసిన.

బట్ట సిరిసిల్ల మరమగ్గాల కాటన్. రాత్రంతా నీళ్లల్ల నానబెట్టి ఆరేసినంకనే కోసిన. కుట్టినంక గుంజుకుపోతే పడ్డ కష్టం వృథా. పేటర్న్ మీద బాణం గుర్తు ఉంటది, అది పడుగు దిక్కు పెట్టాలె. మగ్గం మీద బిగువుగ ఉండేది పడుగే, అది సాగదు. ఏటవాలుగ కోస్తే డ్రెస్ వేలాడుతది. కుట్టు వదులు కలిపి గీసిండ్రా లేదా అన్నది కూడా పేటర్న్ మీద చదవాలె, కొన్నిట్ల ఉంటది, కొన్నిట్ల ఉండది.

తొడిగినంక మెడ నిలబడ్డది, ముడత లేదు. బిడ్డ అద్దంల అటు తిరిగి ఇటు తిరిగి చూసుకున్నది, ఏమీ అనలేదు. సోమవారం చున్నీ ఒకే భుజం మీద వేసుకొని బస్సెక్కింది.

ఆ పెద్ద కాగితం మీద ఆమె పేరు, తారీఖు రాసి బీరువాల పెట్టిన. ఎదిగే వయసు, భుజం తేడా మారొచ్చు, ఆరు నెలలకోసారి మళ్ల కొలుస్త. మీ ఇంట్ల ఎవరికన్నా ఇట్లాంటి ఇబ్బంది ఉంటే పిల్లల ముందు ఒంటిని తప్పు పట్టకుర్రి. కాగితాన్ని దిద్దుర్రి, అది పది నిమిషాల పని. మీరు ఎట్ల సర్దుకుంటున్నరో కింద రాయుర్రి, నేనూ నేర్చుకుంట.